ఓడ దిగి సిక్కోలు తీరానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ రేవులో ఓడ దిగినవాళ్లు సాధారణంగా కైలాసగిరి ఎక్కుతారు, ఆర్కే బీచ్‌లో నడుస్తారు, తీరిక ఉంటే అరకు వెళ్తారు. ఉత్తరం వైపు తిరిగేవాళ్లు తక్కువ. అటు వెళ్తే విజయనగరం జిల్లా తీరం, దాన్ని దాటితే రాష్ట్రంలోకెల్లా పొడవైన శ్రీకాకుళం (స్థానికుల మాటలో సిక్కోలు) తీరం. నదులు సముద్రంలో కలిసే చోట్లు, పాత రేవులు, కొబ్బరి తోటల్లో మునిగిన పల్లెలు ఆ దారి పొడవునా ఉన్నాయి. అటు వెళ్లాలనుకునే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు మమ్మల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. అందరికీ మొదట చెప్పే మాట ఒకటే: జాబితా పట్టుకుని పరుగులు పెట్టకండి. ఒక నదీ ముఖమో, ఒక ఊరో ఎంచుకుని అక్కడే పూట గడపండి.

ఓడ శ్రీకాకుళంలో ఆగుతుందా?

ఆగదు. ప్రయాణికుల ఓడ ఆగే రేవు విశాఖపట్నమే. అక్కడ ప్రత్యేకంగా కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకుముందు 2022లోనే ‘ఎంప్రెస్’ నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగింది. శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం, బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులే కానీ ఇప్పుడు అక్కడ మత్స్యకారుల పడవలు తప్ప ఓడలు రావు. కళింగపట్నం రేవు 1958లో మూతపడింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త రేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది కానీ అది ప్రధానంగా సరకుల కోసం తలపెట్టిన రేవు.

ఓడ ఒక్క పగలే ఆగుతుంది. శ్రీకాకుళం వెళ్లి రాగలమా?

వెళ్లిరావడం సాధ్యమే, కానీ వద్దంటాను. విశాఖ నుంచి శ్రీకాకుళం పట్టణం వంద కిలోమీటర్ల పైమాటే. జాతీయ రహదారి బాగున్నా రెండు గంటలకు తక్కువ పట్టదు. పట్టణం నుంచి సముద్రం దగ్గరికి మరో ముప్పావు గంట. రానూపోనూ లెక్కేస్తే పగలంతా కారులోనే గడిచిపోతుంది. పైగా ఓడ బయల్దేరే సమయానికి చాలా ముందే అందరూ ఎక్కేసి ఉండాలి. ఆనందపురం దగ్గరో, నగరంలోనో రద్దీలో ఇరుక్కుంటే ఆ ఆందోళన చూసిన అందాన్నంతా మింగేస్తుంది.

పగలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు విజయనగరం తీరంతో సరిపెట్టుకోవాలి. విశాఖలోనే ఓడ ప్రయాణం ముగిసేవాళ్లు, లేదా ఓడ ఎక్కడానికి రెండు రోజులు ముందుగా వచ్చేవాళ్లు శ్రీకాకుళం పెట్టుకోవచ్చు.

సరే, విజయనగరం తీరంలో సగం రోజుకు ఏముంది?

ఆ జిల్లా తీరం చిన్నది, ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే హడావుడి లేకుండా చూడవచ్చు. విశాఖ నుంచి సముద్రాన్ని ఆనుకుని భీమిలి దాకా వెళ్లి, తగరపువలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, భోగాపురం దాటి పూసపాటిరేగ వైపు వెళ్లండి. ఆ మండలంలోనే చింతపల్లి, కోనాడ ఉన్నాయి. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తుంది. వానల తర్వాత వెళ్తే ఎర్రమట్టి నీళ్లు, ఉప్పునీళ్లు చాలా దూరం కలవకుండా పక్కపక్కనే సాగడం కనిపిస్తుంది.

చింతపల్లి దగ్గర సముద్రంలో మునిగి ఉన్న బండలను శాంతపల్లి బండలంటారు. పాత కాలం ఓడలకు అవి పెద్ద గండం. వాటి గురించి హెచ్చరించడానికే అక్కడ దీపస్తంభం కట్టారు. ఓడలో వచ్చినవాళ్లు ఆ దీపాన్ని ఒడ్డు నుంచి చూడటంలో ఒక ప్రత్యేకత ఉంది. రాత్రి డెక్కు మీద నిలబడి ఒడ్డున ఆరుతూ వెలుగుతూ కనిపించే దీపాలను చూసినవాళ్లకు వాటి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

సమయం మిగిలితే విజయనగరం కోట, గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు చూడండి. 1919లో మొదలైన సంగీత కళాశాల ఆ ఊళ్లోదే. దాని తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు.

శ్రీకాకుళంలో రెండు రోజులుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గార మండలంలో. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ ఒక్క మండలంలోనే ఉన్నాయి. పట్టణం నుంచి బయల్దేరితే దారి మొదట్లోనే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి. ఏటా మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజుల పాటు ఉదయపు కిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో జనం విపరీతంగా వస్తారు కాబట్టి ముందే చూసుకుని వెళ్లండి.

శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు. మూలమూర్తి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలుంటాయి. మండపం స్తంభాల మీద శాసనాలు దట్టంగా చెక్కి ఉన్నాయి. దర్శనం కాగానే బయటికి వచ్చేయకండి. ఆ స్తంభాల మధ్య నెమ్మదిగా తిరగండి, గుడి గోడల మీద మిగిలిన పాత వర్ణచిత్రాలు చూడండి. ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతున్నారు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా పరుచుకున్న తాబేళ్లవి. చట్టం రక్షిస్తున్న జీవులు కాబట్టి చేత్తో పట్టుకోవడం, ఎత్తుకుని ఫొటోలు దిగడం చేయకూడదు. పిల్లలకు గుడిలోకి వెళ్లకముందే చెప్పి ఉంచండి.

శాలిహుండం బౌద్ధక్షేత్రం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద స్తూపాల, చైత్యాల పునాదులు, కింద చిన్న మ్యూజియం. ఈ స్థలాన్ని 1919లో లోకం దృష్టికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన పుట్టింది కూడా ఈ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. కొండ ఎక్కడానికి మెట్లున్నాయి. పైనుంచి కింద వంశధార వంపు, ఇసుక మేటలు, వరి మళ్లు, దూరంగా సముద్రం ఒకే చూపులో కనిపిస్తాయి. శ్రీకాకుళంలో ఒక్కచోటే నిలబడే వీలుందంటే నేను పంపేది ఆ కొండ మీదికే. భిక్షువులు అక్కడే ఎందుకు ఉన్నారో, రేవు ఆ పక్కనే ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది: నది మీదుగా లోపలి సరకు, సముద్రం మీదుగా బయటి సరకు, వాటితో పాటు మనుషులు, మతాలు.

కళింగపట్నంలో ఏం చూడాలి?

విశాలమైన ఇసుక తీరం, దీపస్తంభం, మదీనా బాబా దర్గా, ఊరికి ఉత్తరాన వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒడిశా కొండల్లో పుట్టి రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా నడిచొచ్చిన నది అది. సాయంత్రానికి పట్టణం నుంచి కుటుంబాలు వస్తాయి, మరమరాలూ మొక్కజొన్న పొత్తులూ అమ్మేవాళ్లు చేరతారు. సందడి నచ్చేవాళ్లు అప్పుడు వెళ్లండి. ఊరిని చూడాలనుకునేవాళ్లు మాత్రం తెల్లవారుజామునే చేరుకోవాలి, పడవలు ఒడ్డుకొచ్చేది అప్పుడే.

పచ్చని దీవులు అంటారు. అవి నిజంగా ఉన్నాయా?

అండమాన్‌లో ఉన్నట్టు సముద్రం మధ్య అడవి కప్పుకున్న దీవులు ఇక్కడ లేవు. వాటి కోసం వచ్చేవాళ్లకు ముందే చెప్పడం మంచిది. ఇక్కడ ఉన్నది వేరే రకం పచ్చదనం. తీరం పొడవునా ఉప్పుటేరులు లోపలికి చొచ్చుకొస్తాయి, నదీ ముఖాల్లో ఇసుక లంకలు ఏటేటా చోటు మార్చుకుంటాయి. వజ్రపుకొత్తూరు మండలంలో నువ్వలరేవు ఒక వైపు సముద్రం, మరో వైపు ఉప్పుటేరు మధ్య ఉన్న మత్స్యకార గ్రామం. ఊరంతా ఒకేసారి పెళ్లిళ్లు చేసుకునే ఆచారానికి అది పేరుపడింది. పెళ్లిళ్ల సమయంలో ఇంటింటా పందిరే.

పచ్చదనమే చూడాలంటే ఉద్దానం వెళ్లాలి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో సముద్రం వెంబడి పరుచుకున్న తోటల సీమ అది. ఇసుక నేలలో కొబ్బరి, వాటి నీడలో పనస, మామిడి, గట్ల మీద జీడిమామిడి. కవిటి వైపు లోపలి దారుల్లో నడిస్తే మధ్యాహ్నం కూడా ఎండ నేలను తాకదు. సముద్రం హోరు వినిపిస్తూనే ఉంటుంది, తోట దాటేదాకా నీళ్లు మాత్రం కనిపించవు. మరో వైపు చూస్తే పడమట మహేంద్రగిరి. పదిహేను వందల మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం ఒడిశాలో ఉంది, అక్కడ పుట్టే మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ, తోట, నది, సముద్రం ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోట్లు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

ఆ తోటల్లో అక్కడక్కడా ఖాళీలు, ఇంకా చిన్నగా ఉన్న కొబ్బరి మొక్కలు కనిపిస్తే ఆగి చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. దశాబ్దాల వయసున్న చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. కొబ్బరి మొక్క పెరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పుడు ఆదాయం పోగొట్టుకున్న కుటుంబాల్లో చాలామంది వలస బాట పట్టారు. ఇవాళ మీరు చూసే పచ్చదనంలో కొంత భాగం వాళ్లు మళ్లీ నాటి, నీళ్లు పోసి పెంచుకున్నది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుల గురించి విన్నాం. వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతాన్ని ఏళ్లుగా పీడిస్తున్న మాట నిజం. కారణం ఇదేనని ఇంతవరకూ తేలలేదు. పలాసలో దీని కోసమే 2023లో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అది ఏళ్ల తరబడి అక్కడే ఉండి పనిచేసుకునేవాళ్లను పట్టిన జబ్బు. ఒకటి రెండు రోజులకు వెళ్లి వచ్చేవాళ్లు భయపడనక్కర్లేదు. తాగడానికి సీసా నీళ్లు తీసుకెళ్లండి, లేదంటే కొబ్బరి బొండాం తాగండి. ఒక్క మనవి: ఆ ఊళ్లలో చాలా ఇళ్లలో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లున్నారు. కుతూహలంతో ఆరాలు తీయకండి, వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

పక్షుల కోసం ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

చలికాలమైతే టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుని, పిల్లలు ఎగరడం నేర్చాక వేసవి మొదట్లో వెళ్లిపోతాయి. వానాకాలమైతే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. నత్తలు తినే చిల్లుముక్కు కొంగలు తొలకరికి అక్కడ దిగుతాయి. రెండు చోట్లా గూళ్లు ఇళ్ల మధ్యనే ఉంటాయి. పక్షులు రావడం ఊరికి శుభమని గ్రామస్థుల నమ్మకం, అందుకే వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. డ్రోన్లు ఎగరేయడం, చప్పట్లు కొట్టి లేపడం చేస్తే వాళ్లు ఊరుకోరు. ఊరుకోకపోవడమే సబబు.

సముద్రంలో స్నానం చేయవచ్చా?

మోకాళ్ల లోతు దాటవద్దు. ఈ తీరం చూడటానికి నెమ్మదిగా ఉంటుంది కానీ ఒడ్డుకు దగ్గర్లోనే లోతు హఠాత్తుగా పెరుగుతుంది, వెనక్కి వెళ్లే అల బలంగా లాగుతుంది. నదీ ముఖాల దగ్గర అసలే దిగకండి. నిన్న గట్టిగా ఉన్న ఇసుక మేట ఇవాళ కుంగిపోవచ్చు. ఈత వచ్చినవాళ్లు కూడా అలాంటి చోట్ల మునిగిపోయారు. స్థానికులు ‘అటు వద్దు బాబూ’ అన్నారంటే దాని వెనక ఎవరో ఒకరి మరణం ఉంటుంది.

పల్లెల్లోకి కొత్తవాళ్లు వెళ్తే ఎలా చూస్తారు?

ఆదరంగా చూస్తారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, భోజనం చేశారా అన్న మూడు ప్రశ్నలూ తప్పవు. విసుగు పడకుండా జవాబు చెప్పండి. మీరూ పెద్దవాళ్లను అమ్మా, అయ్యా అని పిలిచి మాట్లాడితే ఇక ఆ ఊరు మీదే.

ఒక పొద్దుట అలివి వల లాగడం చూడగలిగితే చూడండి. పడవ వలను అర్ధచంద్రాకారంలో సముద్రంలో వదిలి వస్తుంది. దాని రెండు చివరల తాళ్లు ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. మగవాళ్లు, ఆడవాళ్లు, బడి ఈడు దాటిన కుర్రాళ్లు ఇసుకలో మడమలు దిగేసి, ఒకరి పాటకు మరొకరు వంత పాడుతూ వెనక్కి నడుస్తారు. చివరన ఉన్న మనిషి తాడును చుట్టగా చుట్టి, ముందుకు పరుగెత్తి మళ్లీ నీళ్ల అంచున పట్టు అందుకుంటాడు. రెండు గుంపులూ ఒకదానికొకటి దగ్గరవుతున్నకొద్దీ మాటలు తగ్గుతాయి. వల సంచి ఒడ్డెక్కగానే నెత్తళ్లు వెండి రేకుల్లా ఎగిరెగిరి పడతాయి, పీతలు పక్కకు పారిపోతాయి. ఆ తర్వాత రాజ్యం ఆడవాళ్లదే: బుట్టల చుట్టూ చేరి వేలం పాడేదీ, ధర తేల్చేదీ, డబ్బు కొంగున ముడేసుకునేదీ వాళ్లే. కొన్నిసార్లు గంటల శ్రమకు వచ్చేది సగం బుట్ట చేపలు. అప్పుడు ఫొటోలు తీయకండి.

చెప్పులతో వల మీద నడవకండి, పడవలోకి ఎక్కకండి. పడవను వాళ్లు గంగమ్మగా కొలుస్తారు. తాడు పట్టమని పిలిస్తే మాత్రం మొహమాటపడకుండా వెళ్లి పట్టండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల పునరుత్పత్తి కోసం మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ తీరం బోసిగా కనిపిస్తుంది. పడవలు ఒడ్డునే ఉంటాయి, వలల మరమ్మతు సాగుతుంటుంది. ఇక్కడి మగవాళ్లు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి ప్రవేశించారన్న ఆరోపణతో పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇళ్లు చేరలేదు. మన జిల్లాలో వాళ్లకు పనికొచ్చే రేవులుంటే అంత దూరం వెళ్లాల్సిన అవసరం ఉండేది కాదన్నది నా గట్టి అభిప్రాయం.

ఏం తినాలి?

తీరంలో చేపలు అడగండి: చందువ, కోనాం, కానాగంతలు, నెత్తళ్లు. చేపల పులుసు నిన్న కాచినదైతే మరీ రుచి. ఎండుచేపల వాసన పడనివాళ్లు ముందే చెప్పేయడం మేలు. శాకాహారులకు ఉద్దానం పనసపొట్టు ఆవపెట్టిన కూర ఉంది. వేసవిలో తాటి ముంజలు, చలికాలంలో తేగలు, ఎప్పుడైనా చోడి (రాగి) అంబలి. మందస వైపు వెళ్తే కోవా రుచి చూడండి.

ఏం కొనుక్కోవాలి?

పలాస జీడిపప్పు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమలు వీధివీధికీ ఉన్నాయి, గుండు, బద్ద, ముక్క అని రకాన్ని బట్టి ధర. సరవకోట మండలం బుడితి గ్రామంలో చేసే ఇత్తడి సామాను.

వీటన్నిటికంటే ముందు పొందూరు ఖాదీ. కొనకపోయినా తయారీ చూడండి. గింజ తీయని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకు అంచున సన్నని పళ్లు దువ్వెనలా ఉంటాయి. చెత్తా నలకా ఆ పళ్లకే చిక్కుకుని పోగు మాత్రం నున్నగా బయటికొస్తుంది. దువ్వే ఆవిడ చెయ్యి ఎంత తేలిగ్గా కదులుతుందంటే పత్తి తనంతట తాను సాగుతోందనిపిస్తుంది. చాలా సన్ననిదైన నూరో నంబరు నూలు దాకా ఇక్కడ చేత్తో వడుకుతారు. ఆ పంచె ధర ఎక్కువని బేరమాడే ముందు కాసేపు ఆ వడకడం పక్కన కూర్చోండి. ఈ పని చేతిలో ఉన్నవాళ్లలో చాలామంది వయసు మళ్లిన ఆడవాళ్లు. వాళ్ల తర్వాత ఎవరు అన్న ప్రశ్న నన్ను నిజంగా బాధిస్తుంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు, నవంబరు అందమైన నెలలే కానీ తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో, గులాబ్ 2021 సెప్టెంబరులో ఇటే వచ్చాయి. వాయుగుండం వార్త వింటే ఓడల వాళ్లే మార్గం మార్చుకుంటారు, మీరూ మార్చుకోండి.

తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడవచ్చా?

జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ ఇసుకలోకి వస్తాయి. ఒక్కో తాబేలు వంద దాకా గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి నెలన్నర పైనే పడుతుంది. కొన్ని చోట్ల గుడ్లను సేకరించి కంచె వేసిన చోట కాపాడి, పిల్లలను సముద్రంలో వదులుతారు. ఆ వదిలే రోజు ఎప్పుడో అటవీ సిబ్బందిని అడిగి వెళ్లండి. రాత్రిపూట టార్చీలు వేసుకుని మీరే వెతకడం వద్దు. వెలుతురుకు తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది.

రైలు మంచిదా, బస్సు మంచిదా?

గార మండలానికైతే బస్సు లేదా కారు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి పట్టణానికి మళ్లీ ఆటోనో బస్సో ఎక్కాలి. ఉద్దానానికైతే రైలే హాయి. హౌరా మార్గంలో నౌపడ, పలాస, మందస రోడ్, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లన్నీ వరసగా తోటల పక్కనే ఉన్నాయి. వేసవిలో నౌపడ దగ్గర కిటికీలోంచి ఉప్పు మళ్లు కనిపిస్తాయి. పొందూరుకూ స్టేషన్ ఉంది. చిన్న స్టేషన్లలో ఎక్స్‌ప్రెస్‌లన్నీ ఆగవు, పాసింజర్ల వేళలు ముందే చూసుకోండి.

తిరిగి ఓడ ఎక్కాల్సినవాళ్లు ఏ రోజు వెనక్కి రావాలి?

ముందు రోజు రాత్రికే విశాఖ చేరుకోండి. ఓడ ఎక్కే రోజు ఉదయం శ్రీకాకుళంలో ఉండవద్దు. తుపాను హెచ్చరిక గానీ, రహదారి మీద లారీ బోల్తా గానీ చాలు దారి మూసుకుపోవడానికి. సామానులో ఎండుచేపలుంటే ఓడలోకి రానివ్వరేమో ముందే కనుక్కోండి. జీడిపప్పు, ఖాదీ అయితే సమస్య ఉండకపోవచ్చు.